గోపీనాథ్ గారి షినోన్

సియాటిల్ దగ్గరి బాతెల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకి వైన్ తాగడం నేర్పింది తానేనని గోపీనాథ్‌కి గట్టి నమ్మకం. అందులో అబద్ధమేమీ లేదు. ఎనభై ఎనిమిదిలో ఆయన ఆ ఊరికి వచ్చేనాటికి మనవాళ్ళ ఇళ్ళలో విందంటే స్కాచ్ సీసా, వేయించిన జీడిపప్పు, బేస్‌మెంట్‌లో పేకాట. గోపీనాథ్ ఒక మందుల కంపెనీలో శాస్త్రవేత్త. నిలువెత్తు స్టీలు ట్యాంకుల్లో ఈస్ట్‌ని పెంచి దానిచేత మందులు తయారు చేయించడం ఆయన పని. "నా ట్యాంకులో ఈస్ట్ చేసేదీ, ద్రాక్షరసంలో ఈస్ట్ చేసేదీ ఒకటే. రెండోది తాగొచ్చు, అంతే తేడా" అంటూ ఒక్కొక్కరి చేతిలోంచీ స్కాచ్ గ్లాసు తప్పించి వైన్ గ్లాసు పెట్టాడు.

ఆయన ముక్కు అందరి ముక్కులాంటిది కాదు. ట్యాంకు పక్కన నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ఈ బ్యాచ్ చెడిపోబోతోందని చెప్పేవాడు. రెండు రోజులకి ల్యాబ్ రిపోర్టు కూడా అదే చెప్పేది. పై ఆఫీసర్లు సైతం మీటరు కంటే ముందు ఆయన్ని పిలిచేవారు. రిటైరయ్యే రోజున ఇచ్చిన కేకు మీద కూడా పెద్ద ముక్కు బొమ్మే గీయించారు.

ఆ ముక్కుకి తగిన వైన్ రెండువేల నాలుగులో దొరికింది. ఫ్రాన్స్‌లోని టూర్స్ నగరంలో ఏదో సదస్సుకి వెళ్ళి, ఖాళీ దొరికిన ఒక్క రోజున దగ్గర్లో ఉన్న షినోన్ అనే చిన్న ఊరు చూడబోయాడు. వియెన్ నది ఒడ్డున ఊరు, పైన కొండమీద పాత కోట. ఇళ్ళకీ కోటకీ తెల్లటి మెత్తని సున్నపురాయి తవ్వుకోగా మిగిలిన గుహల్లోనే అక్కడి రైతులు వైన్ దాచుకుంటారు. నది పక్క గులకరాళ్ళ నేలలో పండిన ద్రాక్ష తేలిక వైన్ ఇస్తుంది, దాన్ని త్వరగా తాగేయాలి. సున్నపురాతి వాలులో పండింది ఇరవై ఏళ్ళయినా నిలబడుతుంది. ద్రాక్ష మాత్రం ఒకటే, కాబర్నే ఫ్రాంక్. ఒక ముసలి రైతు ఆయన్ని గుహలోకి తీసుకెళ్ళి తొంభై ఆరో సంవత్సరపు సీసా తీసి పోశాడు. గోపీనాథ్ గ్లాసులో పెట్టిన ముక్కు చాలాసేపు బయటికి తీయలేదు. అప్పుడే చెక్కిన పెన్సిలు, రాస్‌బెరీ పళ్ళు, వాటి అడుగున ఎక్కడో పచ్చి క్యాప్సికమ్, ఇంకా అడుగున వాన పడిన సున్నపుగోడ. అవే సీసాలు డజను మోసుకొచ్చాడు.

అప్పట్నించీ ఏటా అక్టోబర్‌లో ఒక ఆదివారం ఆయన ఇంట్లో షినోన్ లంచ్. పిలిచేది కొద్దిమందినే. దానికి ఆయన పెట్టిన నియమాలు చాలా ఉన్నాయి. ఎర్ర వైన్ అయినా సరే, ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచి కాస్త చల్లగా పోయాలి. ముందు మేకపాల చీజ్, తర్వాత పుట్టగొడుగుల వేపుడు, ఆ తర్వాత మాంసం. కారం తగిలితే వైన్ వగరు పదింతలవుతుంది కనక భార్య భానుమతి గోంగూర మాంసంలో ఆ రోజు మిరపకాయలు సగం తగ్గించాలి. "గోంగూర పులుపూ దీని పులుపూ అక్కాచెల్లెళ్ళు. మిరపకాయే ఆడపడుచు" అని ఏటా అదే మాట చెప్పేవాడు. అందరూ ఏటా నవ్వేవారు. భానుమతి వైన్ ముట్టుకోదు. వడ్డించి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినేది.

అతిథుల్లో రాఘవులు ఒకడు. తొంభై ఆరులో గోపీనాథ్ తన ల్యాబ్‌లో ఉద్యోగం ఇప్పించిన మనిషి. గ్రీన్ కార్డ్ కాగితాల మీద సంతకమూ గోపీనాథ్‌దే. అందుకని ఇన్నేళ్ళయినా "సార్" అనే పిలుస్తాడు. మొదటి లంచ్‌లో రాఘవులు తెలియక గ్లాసులో రెండు ఐసు ముక్కలు వేసుకున్నాడు. గోపీనాథ్ ఆ గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేసి, ఆరెంజ్ జ్యూస్ తెచ్చి చేతిలో పెట్టి, "నీకిది చాల్లే రాఘవులూ" అన్నాడు. అందరూ నవ్వారు, రాఘవులు కూడా. ఆ తర్వాత ఏ వైన్ పోసినా ఆ మనిషి "ఎక్సలెంట్ సార్" తప్ప ఇంకో మాట అని ఎరగడు.

రాఘవులు కూతురు ఆద్య మాత్రం వేరు. స్కూల్లో ఉన్నప్పుడే ఆ పిల్ల ముక్కు సంగతి గోపీనాథ్ కనిపెట్టాడు. కళ్ళకి గంతలు కట్టి లవంగం, ధనియాలు, తడిమట్టి, పెన్సిలు పొట్టు చిన్న సీసాల్లో పెట్టి వాసన చూపిస్తే ఒక్కటీ తప్పకుండా చెప్పింది. సంబరపడిపోయాడు. కానీ అదే ఆద్య ఇరవై నాలుగేళ్ళ వయసులో ఫార్మసీ కాలేజీ మానేసి, పక్క ఊరు వుడిన్‌విల్‌లో ఒక వైనరీ టేస్టింగ్ రూమ్‌లో, వచ్చినవాళ్ళకి వైన్ రుచి చూపించే పనికి చేరితే, రాఘవులు ఏడుపుమొహంతో ఈయన దగ్గరికే వచ్చాడు. గోపీనాథ్ ఆ పిల్లని పిలిచి, "వైన్ అనేది ఉద్యోగం చేసుకునేవాళ్ళు సాయంత్రం తాగేది. అదే ఉద్యోగం కాదు. గ్లాసులు కడుక్కుంటూ బతుకుతావా?" అన్నాడు.

"మీరే కదా అంకుల్, నేర్పించింది" అంది ఆద్య.

ఆ మాటకి జవాబు చెప్పవలసిన అవసరం ఉందని ఆయన అనుకోలేదు.

రెండువేల పన్నెండు జనవరిలో సియాటిల్ వైపు మంచు పడి, పైన వాన కురిసి అంతా గాజుపలకలా గడ్డకట్టింది. డ్రైవ్‌వే మీద మంచు తీస్తూ గోపీనాథ్ వెల్లకిలా పడ్డాడు. తల వెనక దెబ్బ తగిలింది. ఎమర్జెన్సీలో స్కాన్ తీసి, ఏం ఫర్వాలేదు, రెండు వారాలు రెస్ట్ తీసుకోమన్నారు. మూడో వారంలో ఒక పొద్దున కాఫీ కప్పు మొహం దగ్గర పెట్టుకుంటే ఆవిరి తగిలింది గానీ వాసన లేదు. డికాక్షన్ మరీ పల్చగా పెట్టావని భానుమతి మీద విసుక్కున్నాడు. ఆ మధ్యాహ్నం ఇంగువ డబ్బా తీసి ముక్కు కింద పెట్టుకున్నాడు. ఏమీ లేదు. గరాజ్‌లోకి వెళ్ళి పెట్రోలు డబ్బా మూత తీశాడు. కళ్ళు చురుక్కుమన్నాయి, అంతే.

డాక్టర్ దగ్గరికి ఎవరికీ చెప్పకుండా ఒక్కడే వెళ్ళాడు. దెబ్బకి మెదడు ముందుకు ఊగి, ముక్కు పైభాగంలో ఉండే సన్నటి నరాలు తెగిపోయి ఉంటాయన్నాడు డాక్టర్. ఏడాదిలోగా వస్తే వస్తుంది, రాకపోతే ఇక రానట్టే. "చాలామందికి పెద్ద ఇబ్బందేమీ ఉండదు. గ్యాస్ లీక్ అయితే తెలియడానికి ఒక అలారం పెట్టించుకోండి" అని ధైర్యం చెప్పాడు.

గోపీనాథ్ అలారం కొనలేదు. భార్యకి చెప్పలేదు. అన్నంలో ఉప్పు, పులుపు, కారం తెలుస్తున్నాయి. వాటి వెనక ఉండవలసిందేదీ లేదు. పప్పు తిన్నా పెరుగు తిన్నా నోట్లో అట్టముక్క నములుతున్నట్టే ఉంది. వైన్ అయితే మరీ అన్యాయం. పులుపూ వగరూ మిగిలాయి. పళ్ళు లేవు, పెన్సిలు లేదు, గుహ లేదు. అయినా ఎవరింటికైనా వెళితే గ్లాసు తిప్పి, వాసన చూసి, సీసా మీద పేరూ సంవత్సరమూ చదివి, జ్ఞాపకంలోంచి చెప్పేవాడు. ఎవరూ తేడా పట్టలేదు. మొదట్లో అది ఆయనకి ధైర్యమిచ్చింది.

మేనెలలో ఒకరోజు భానుమతి పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టి, పక్కింటావిడతో మాట్లాడి వచ్చేసరికి వీధి గుమ్మం దాకా మాడు కంపు కొడుతోంది. వంటింట్లోకి పరుగెత్తింది. గిన్నె అడుగు నల్లగా అయిపోయింది. దానికి నాలుగడుగుల దూరంలో బల్ల దగ్గర కూర్చుని గోపీనాథ్ పేపరు చదువుకుంటున్నాడు.

"పేపర్లో పడి చూసుకోలేదు" అన్నాడు ఆమె మొహం చూసి.

"ఫర్వాలేదు లెండి" అంది భానుమతి. పొయ్యి కట్టేసి, గిన్నెలో నీళ్ళు పోసి, కిటికీలన్నీ తెరిచింది. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. తన గుట్టు దాగిందనుకున్నాడు ఆయన.

అక్టోబర్ వచ్చింది. డజనులో రెండే సీసాలు మిగిలాయి. ఆ ఏడు లంచ్ మానేస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాడు. మానేస్తే ఎందుకని అడుగుతారు. ఆ భయంతోనే పిలిచాడు. గుండె డాక్టర్ మనోహర్, ఆయన భార్య జయంతి వచ్చారు. రాఘవులు ఆద్యని వెంటబెట్టుకు వచ్చాడు. సొమెలియే పరీక్షలో, అంటే ఏ వంటకానికి ఏ వైన్ పోయాలో నేర్పే చదువులో, ఆ పిల్ల మొదటి మెట్టు పాసైందట. "ఆ మాట సార్‌కి తనే చెప్తానంది" అన్నాడు రాఘవులు, కూతురి కంటే తనే ఎక్కువ బెరుకుగా. గోపీనాథ్ "మంచిది" అని మనోహర్ వైపు తిరిగి మాటల్లో పడ్డాడు.

సీసా వంటింట్లోనే తీసి, మడ్డి రాకుండా గాజు జాడీలోకి వంచి, బల్ల మీదికి తెచ్చాడు. అందరి గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోశాడు. తన గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, ముక్కు పెట్టాడు. లోపల ఏమీ లేదు. నిరుటి మాటలే వరుసగా చెప్పాడు. "అప్పుడే చెక్కిన పెన్సిలు. రాస్‌బెరీ. అడుగున చూడండి, క్యాప్సికమ్. ఆ గుహ గోడ కూడా తెలుస్తుంది."

మనోహర్ తాగి తల పంకించాడు. "రాస్‌బెరీ ఈసారి ఇంకా బాగా వస్తోందండీ. లాస్ట్ ఇయర్ కంటే బెటర్."

"సో స్మూత్" అంది జయంతి.

"ఎక్సలెంట్ సార్" అన్నాడు రాఘవులు.

ఆద్య ఒకసారి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేసింది. గోపీనాథ్ చూపు ఆ గ్లాసు మీద పడింది.

"ఏమ్మా, పరీక్ష పాసయ్యావుగా. నువ్వు చెప్పు."

ఆద్య తండ్రి వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూసింది. "అంకుల్, ఇంకో బాటిల్ ఉంది కదా. అది కూడా ఓపెన్ చేద్దామా? కంపేర్ చేసినట్టు ఉంటుంది."

ఆ పిల్ల తనకి తప్పుకునే దారి చూపిస్తోందని గోపీనాథ్‌కి ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థం కావడమే ఆయనకి కోపం తెప్పించింది. "నేను అడిగింది దీని సంగతి. ఇందులో ఏముందో చెప్పు" అన్నాడు.

"ఇది కార్క్డ్ అంకుల్" అంది ఆద్య మెల్లగా. "కార్క్ పాడైంది. తడిసిపోయిన కార్డ్‌బోర్డ్ స్మెల్ వస్తోంది. ఫ్రూట్ అంతా పోయింది. మీ మిస్టేక్ కాదు, ఏ బాటిల్‌కైనా అవుతుంది."

గోపీనాథ్ నవ్వాడు. ఆ నవ్వు ఆయనకే నచ్చలేదు గానీ ఆపలేకపోయాడు. "నేను ఆ గుహలో నిలబడి తాగినవాణ్ణి. నువ్వు తడి అట్ట అంటున్నది అక్కడి సున్నపురాయి వాసన. ఆరునెలలు టూరిస్టులకి గ్లాసుల్లో పోస్తే రాదమ్మా ఇది. ఫార్మసీ చదివి ఉంటే కనీసం మందుల వాసనైనా తెలిసేది."

ఆద్య మొహం ఎర్రబడింది. "సారీ అంకుల్, బట్ ఐ నో దిస్ స్మెల్."

"ఆద్యా" అన్నాడు రాఘవులు. "సార్‌కి సారీ చెప్పు. సరిగ్గా చెప్పు."

ఆ పిల్ల చాలాసేపు తండ్రినే చూసింది. తర్వాత, "నేను రాంగ్. సారీ అంకుల్" అంది. గ్లాసు ఎత్తి, అందులో ఉన్నదంతా మందు తాగినట్టు ఒక్క గుక్కలో తాగేసింది. మనోహర్ ఏదో ప్రయాణం కబురెత్తాడు. గోంగూర మాంసం వచ్చింది. జాడీ ఖాళీ అయ్యేదాకా అందరూ ఆ వైనే తాగారు. రెండో సీసా తీయమని ఎవరూ అనలేదు.

మూడు గంటలకల్లా కార్లు వెళ్ళిపోయాయి. గోపీనాథ్ గ్లాసులు ఏరి వంటింట్లోకి తెచ్చాడు. భానుమతి సింకు దగ్గర వెనుదిరక్కుండానే అంది.

"ఆ పిల్ల చెప్పింది నిజం."

"నీకేం తెలుసు? నువ్వు తాగవుగా."

"మీరు సీసా వంచుతున్నప్పుడు పక్కనే ఉన్నాను. నానిన గోనెసంచి కంపు. చంటిపిల్లాడికైనా తెలుస్తుంది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మీకు ముక్కు పోయిందని మీరే నాకు చెప్పలేదు." ఆమె చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది. "పాలు మాడిన రోజునే తెలుసు. మీ అంతట మీరు చెప్తారేమోనని ఐదు నెలలు చూశాను. రోజూ కూర బాగుందనే అన్నారు. అంతకు ముందు ముప్పై ఏళ్ళలో ఏ రోజూ అనని మనిషి."

గోపీనాథ్ కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆమె ఓదార్చలేదు. గ్లాసులు ఒక్కొక్కటే కడిగి బోర్లించింది.

బుధవారం ఆయన మిగిలిన సీసాని తువ్వాలులో చుట్టుకుని వుడిన్‌విల్ వెళ్ళాడు. టేస్టింగ్ రూమ్‌లో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఆద్య నల్ల ఏప్రన్ కట్టుకుని కౌంటర్ వెనక నిలబడి ఉంది. ఆయన్ని చూసి, వచ్చినవాళ్ళందరికీ చెప్పే మర్యాదతోనే వెల్‌కమ్ చెప్పింది. గోపీనాథ్‌కి దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"జనవరిలో పడ్డాను కదమ్మా. అప్పట్నించీ నాకు వాసన తెలియదు. నువ్వన్నది నిజం. తప్పు నాది" అన్నాడు.

"తెలుసు అంకుల్. మీరు పెన్సిల్ అన్నప్పుడే తెలిసింది. ఆ గ్లాస్‌లో పెన్సిల్ లేదు." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. "మీరు అన్న మాటలకి హర్ట్ అయ్యాను. కానీ అది కాదు. నాన్నకి కూడా స్మెల్ తెలిసింది."

"రాఘవులుకా?"

"కార్‌లో చెప్పాడు. ఫస్ట్ సిప్‌లోనే తెలిసిందట. మరి నాతో సారీ ఎందుకు చెప్పించావ్ అని అడిగితే, సార్ ఇంట్లో సార్ చెప్పిందే వాసన అన్నాడు." ఆద్య కౌంటర్ మీద లేని మరక తుడిచింది. "నాన్నకి మంచి నోస్ ఉంది అంకుల్. నాకు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? ఎనిమిదేళ్ళు ఎక్సలెంట్ సార్ అనే అన్నాడు."

గోపీనాథ్ తువ్వాలు విప్పి సీసా కౌంటర్ మీద పెట్టాడు. "ఇదే ఆఖరిది. నువ్వు తీసి, ఎలా ఉందో నాకు చెప్తావని తెచ్చాను."

"బయటి బాటిల్స్ ఇక్కడ ఓపెన్ చేయకూడదు" అంది. ఆయన మొహం చూసి, "ఇంటికి తీసుకెళ్తాను. టెక్స్ట్ చేస్తాను" అంది. అంతలో ఎవరో పిలిచారు, వెళ్ళిపోయింది. ఆయన కాసేపు నిలబడి, ఇంకా రాకపోయేసరికి బయటికొచ్చేశాడు.

శనివారం టెక్స్ట్ వచ్చింది. "ఇట్ వాజ్ బ్యూటిఫుల్. థాంక్యూ అంకుల్." ఇంకా ఏమైనా వస్తుందేమోనని ఆయన ఆ రోజంతా ఫోన్ దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ రాలేదు. ఎండాకాలం మొదట్లో ఆ పిల్ల కాలిఫోర్నియాలో ఏదో పెద్ద రెస్టారెంట్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు కనపడలేదు.

గోపీనాథ్ మిత్రులందరికీ ఈమెయిల్ రాశాడు. ముక్కు సంగతి, ఆ ఆదివారం సంగతి, ఆద్య చెప్పిందే నిజమన్న సంగతి, ఏదీ దాచలేదు. మనోహర్ ఫోన్ చేసి తనకి తెలిసిన న్యూరాలజిస్ట్ పేరు చెప్పాడు. ఆపైన, ఓదార్పు అనుకునే కాబోలు, "మీరేం ఫీలవకండి. నిజం చెప్పాలంటే నాకు ఏనాడూ రాస్‌బెరీ తెలియలేదు. మీరు చెప్పేది విని తల ఊపేవాణ్ణి. జయంతికైతే ఆ వగరు అసలు పడదు" అన్నాడు. రాఘవులు దగ్గర్నుంచి జవాబు రాలేదు. గోపీనాథే ఒకరోజు ఫోన్ చేసి, "నీకు తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు రాఘవులూ?" అని అడిగాడు.

"మీరెప్పుడూ నన్ను అడగలేదు సార్" అన్నాడు రాఘవులు. "ఎలా ఉందని నన్నొక్కసారి కూడా అడగలేదు."

మరుసటేడు అక్టోబర్ నాటికి డాక్టర్ చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ముక్కు రాలేదు. షినోన్ లంచ్ లేదు. లంచ్ జరగవలసిన ఆదివారమే మనోహర్ ఇంట్లో ఫుట్‌బాల్ చూడ్డానికి అందరూ చేరారని తర్వాత తెలిసింది. స్కాచ్ తెరిచారట.

ఆ ఆదివారం సాయంత్రం భానుమతి చారు కాచింది. పోపు చిటపటలాడటం వినిపించింది. ఆవిరి లేవడం కనిపించింది. గోపీనాథ్ కంచం ముందు కూర్చుని, ఇన్నాళ్ళూ అడగనిది అడిగాడు.

"భానూ, వాసన ఎలా ఉందో చెప్పవూ?"

ఆమె చారు పోస్తున్న గరిటె ఆపింది. ఆలోచించినట్టే ఉంది. "చారులాగే ఉంది" అంది. "ముప్పై ఏళ్ళు తిన్నారుగా, గుర్తు తెచ్చుకోండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెన్సిలు పొట్టు వచ్చింది, రాస్‌బెరీ వచ్చింది, ముసలి రైతు గుహలో తడి గోడ వచ్చింది. చారు వాసన కోసం వెతికాడు. రోజూ తిన్నదే, ఎన్నడూ వాసన చూడలేదు. భానుమతి తన కంచంలో వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయనా కళ్ళు తెరిచి అన్నం కలుపుకున్నాడు. ఉప్పు సరిపోయింది. పులుపు కొంచెం ఎక్కువైంది.